తూర్పు హద్దు రాయి

తిమోతి బావులు దించే మనిషి. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోయే కొద్దీ నేలంతా ఇసుక. ఆ ఇసుకలో ఊరికే గుంట తవ్వితే పక్కలు జారి తవ్విన మనిషినే పూడ్చేస్తాయి. అందుకని ముందు గుండ్రటి మట్టి ఒర పెట్టి, ఒర లోపల కూర్చుని ఇసుక తోడుతూ పోవాలి. తోడిన కొద్దీ ఒర దిగుతుంది. దానిమీద ఇంకో ఒర. అట్లా పన్నెండు, పద్నాలుగు ఒరలు దించి, తియ్యని ఊట కాళ్లకు తగిలేదాకా పైకి రాడు తిమోతి. పైన మోకు పట్టుకునేది అతని బామ్మరిది క్రీస్తురాజు. దిగేముందు తిమోతి "రాజూ" అని పిలుస్తాడు. "ఉండా బావా" అని వినబడితేనే కాలు లోపల పెడతాడు. ఎక్కేటప్పుడూ అంతే. మోకు నడుముకు కట్టుకుని, పేరు పిలిచి, జవాబు విని, రెండుసార్లు లాగుతాడు. పద్దెనిమిదేళ్ల పనిలో ఈ పద్ధతి ఒక్కసారి తప్పలేదు.

ఊళ్లో సగం బావులు అతను దించినవే. అతనికి మాత్రం నిలబడడానికి సొంత నేల లేదు. పెళ్లయిన పన్నెండేళ్లలో గుడిసె మూడు చోట్లకు మారింది. మొదటిది ఒక రైతు జీడితోట మూలలో. తోట కొన్నవాడు లేచిపొమ్మన్నాడు. రెండోది కాలవగట్టు మీద. గట్టు వెడల్పు చెయ్యాలని లేపేశారు. మూడోది మిషను పాత బడి వెనక. ఇప్పుడు అక్కడ కొత్త బడి కడతారని మాట పుట్టింది. లేచిన ప్రతిసారీ అతని భార్య ఎలిశబెతు కప్పు తాటాకులు దించి, గుర్తులు పెట్టిన వాసాలు విప్పి, ఒక్కటి పోకుండా బండికి ఎత్తేది. కొత్త బడి మాట విన్న రోజు ఆమె ఒకే ఒక్క మాట అన్నది.

"లే అనే మనిషి లేని చోటు ఒకటి చూడయ్యా. అది ఎంతుంటే నాకేంది."

ఆ చోటు నవోమమ్మ ఇల్లు అనుకున్నాడు తిమోతి.

నవోమమ్మ భర్త ఉప్పుకొఠారులో కావలి చేసి చనిపోయాడు. ఆమె కళ్లకు పొరలు కమ్మాయి. ఇల్లు అమ్మేసి నాయుడుపేటలో ఉండే కూతురి దగ్గరికి పోదామని చూస్తోంది. ఇల్లు ఊరి చివర. మట్టిగోడలు, తాటాకు కప్పు, ఇరవై అంకణాల స్థలం. పడమర పర్ర అనే ఉప్పుబురద, దక్షిణాన ఉప్పు కాలవ, ఉత్తరాన ఇంకొకరి ముళ్లకంచె. వాకిలి ఒక్కటే, తూర్పున. వాకిలి ముందు డొంక. సముద్రపొడ్డున ఉన్న పట్టపుపాలెం నుంచి ఊరి రోడ్డుకు వచ్చే ఇసుకదారి అది, బండి పట్టేంత వెడల్పు. పొద్దున్నే పాలెం ఆడవాళ్లు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఆ దారినే సంతకు పరుగెత్తుతారు. చేప మెత్తబడితే ఆ పూటకు పొయ్యి వెలగదు మరి.

డొంకకు అవతల ఊరి పెద్ద ఆసామి పద్మనాభయ్య సర్వితోట. గాలి లేని రోజు కూడా ఆ తోటలో ఏదో నడుస్తున్నట్టే వినబడుతుంది.

ఆ తోటలో బావి దించింది తిమోతే, అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన ఏడు. చేద తగిలి ఇసుక లేవకుండా బావి అడుగున ఒక బండ పరవాలి. ఆ రోజు పద్మనాభయ్య మనుషులు ఒక రాయి తెచ్చి ఇచ్చారు. మూరన్నర పొడుగు, నాలుగు పలకలుగా చెక్కిన నల్లరాయి. దాని తలమీద సిలువ గుర్తు ఉంది. తిమోతి తలగుడ్డ తీశాడు. ఎక్కడో పడిపోయిన పాత మందిరం రాయి అయి ఉంటుందనుకున్నాడు. దాన్ని అడుగున పడుకోబెట్టి, ఆ చల్లటి మసకలో మోకరించి చిన్న ప్రార్థన చేసుకుని పైకి వచ్చాడు. నీళ్లు తియ్యగా పడ్డాయి. దేవుని రాయి వేశాను గనకనే తియ్యగా పడ్డాయని కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. అందరూ తల ఊపారు. పద్మనాభయ్య ఒక్కడే గట్టిగా నవ్వాడు. ఎందుకు నవ్వాడో తిమోతి అప్పుడు ఆలోచించలేదు.

ఇల్లు ఆరువందలకు కుదిరింది. ఏళ్ల తరబడి దాచింది కొంత, మేకలు అమ్మింది కొంత. యాభై బయానా ఇచ్చాడు. ఈస్టరు ముందటి మట్టల ఆదివారం లోపల రిజిస్ట్రీ కావాలి, కాకపోతే బయానా పోయినట్టే, ఇల్లు ఇంకొకరికి. నవోమమ్మ కూతురు పెట్టిన గడువు అది. ఆ గడువుకు నెల రోజులుండగా తిమోతి రిజిస్ట్రారు ఆఫీసు ఉన్న ఊరికి పోయి, వసారాలో పెట్టె ముందు కూర్చున్న లేఖరి చెంచురామయ్యను కలిశాడు. ఆరువందలే ఖర్చు అనుకుని పోయిన మనిషి అతను. చెంచురామయ్య కళ్లజోడు పైకి తోసి, స్టాంపు కాగితాలు, రిజిస్ట్రేషను రుసుము, రాతకూలి, నకలు, సాక్షుల బండి ఖర్చు అని ఒక్కొక్కటే చెప్పి, అన్నీ కలిపి డెబ్బైకి అటూ ఇటూ అవుతుందన్నాడు.

"ఇల్లు కొనడం వేరు, రాయించుకోవడం వేరు అబ్బయా," అన్నాడు. "కొన్నవాళ్లు ఊరినిండా ఉండారు. రాయించుకున్నవాళ్లవే ఇళ్లు."

తిమోతి ఆ లెక్క వేళ్లమీద మళ్లీ మళ్లీ వేసుకుంటూ తిరిగి వచ్చాడు. పద్దెనిమిదేళ్ల చెమట ఇచ్చేశాక ఇంకా డెబ్బై రూపాయలు అడ్డం నిలబడ్డాయి.

మొదట పాస్టరు సమాధానంగారి దగ్గరికి పోయాడు. సంఘంలో సహాయనిధి ఉందని విన్నాడు. ఉంది గాని అది విధవరాళ్లకు, మందిరం కప్పుకు మాత్రమేనని, స్టాంపులకు ఇస్తే రేపు అందరూ వస్తారని పాస్టరుగారు మెల్లగా చెప్పాడు. తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. గేటు దాకా వచ్చి, ఇటూ అటూ చూసి, పద్మనాభయ్యను అడిగినావా అన్నాడు.

తరువాత సహకార సంఘం. అక్కడి గుమాస్తా నవ్వు ముఖం మనిషి. ఇల్లు నీ పేరున ఉంటే ఆ ఇంటిమీద అప్పు ఇస్తామన్నాడు. ఇల్లు నా పేరున కావడానికే అయ్యా అడుగుతుండేది అన్నాడు తిమోతి. గుమాస్తా ఇంకా నవ్వాడు. నీ పేరున కాగితం తీసుకోనిరా, కాగితానికి డబ్బు ఇస్తామన్నాడు. తిమోతి మెట్లు దిగుతుంటే వెనకనుంచి, పద్మనాభయ్యగారైతే కాదనడు పో అన్నాడు.

పంచాయతీ బావి కంట్రాక్టరు ఇవ్వవలసిన కూలి మూడు నెలలుగా ఇవ్వలేదు. బిల్లు పాసు కాలేదన్నాడు. అతనూ అదే పేరు చెప్పాడు.

ఆఖరికి నవోమమ్మనే అడిగాడు, ధరలో కొంచెం తగ్గించమని. ఆమె పొరలు కమ్మిన కళ్లు అతని గొంతు వచ్చిన వైపు తిప్పి, "నాకేం మిగుల్తుంది నాయనా," అన్నది. పద్మనాభయ్యగారి మనిషి వచ్చి పోయినాడని, నీకు ఖర్చు చాలకపోతే అయ్యగారి దగ్గరికి పంపమన్నాడని కూడా చెప్పింది.

ఒక పేరు నాలుగు నోళ్లలో వినబడింది. బావిలో దిగేటప్పుడు పక్క ఇసుక ఎక్కడో తడిగా మెత్తబడితే తిమోతి అరికాలుకు తెలుస్తుంది. అప్పుడు పని ఆపి పైకి వచ్చేస్తాడు. ఆ రోజు కూడా అరికాలుకు తెలిసింది. కాని మట్టల ఆదివారం పదకొండు రోజుల్లో ఉంది.

పద్మనాభయ్య సర్వితోటలో మంచం వేయించుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి సన్నగా, తెల్లగా, మాట పైకి రానివ్వకుండా మాట్లాడతాడు. కూర్చోరా అన్నాడు. తిమోతి సర్వి ఆకు రాలిన నేలమీద కూర్చున్నాడు.

"ఇల్లు కొంటావుండావంట గదరా."

"అయ్యా."

"రాయించుకునే ఖర్చు నేను పెట్టుకుంటా. నోటు వద్దు. తిరిగి ఇయ్యనక్కర్లేదు. నా బావిలో మీ దేవుడి రాయి వేసి తియ్యని నీళ్లు తెప్పించినావు. దానికి నేను ఇచ్చింది ఏముంది?"

తిమోతి రాలిన సర్వి ఆకును వేళ్లతో పక్కకు ఊడ్చాడు. పద్మనాభయ్య నేల చూస్తూనే, ఖర్చు పెట్టుకునేవాడు లేఖరిని చూసుకోవడం ఎప్పుడూ ఉన్న ఆనవాయితీ అన్నాడు. చెంచురామయ్యతో తానే మాట్లాడతాడట. తిమోతి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కూర్చుంటే చాలునట.

ఇంటికి వచ్చి చెబితే ఎలిశబెతు చేటలో బియ్యం ఏరడం ఆపింది. నోటు కూడా వద్దన్నాడా అని రెండుసార్లు అడిగింది. వద్దన్నాడని రెండుసార్లు చెప్పాడు.

"తిరిగి తీసుకోనన్నాడంటే అప్పుడే ఏదో తీసుకున్నాడయ్యా," అన్నది. "ఏందో మనకు తెలీదు, అంతే."

వద్దని మాత్రం ఆమె అనలేదు. పాత బడి గోడకు కొలతలు పట్టడానికి ఆ పొద్దున్నే మేస్త్రీలు వచ్చి పోయారు.

రిజిస్ట్రీ రోజు రెండు బండ్లు కట్టారు. ముందు బండిలో పద్మనాభయ్య, సాక్షులుగా ఇద్దరు అతని మనుషులు. వెనక బండిలో తిమోతి, నవోమమ్మ, ఆమె ఒళ్లో పాత దస్తావేజు ఉన్న రేకుపెట్టె. దారిలో తిమోతి ఆ పాత కాగితం తీసి చదువుకున్నాడు. అయిదో తరగతి దాకా చదివాడు గనక కూడబలుక్కుని చదవగలడు. ముందు కొలతలు చూశాడు, తరువాత హద్దులు. తూర్పు పాలెం డొంక, దక్షిణం ఉప్పు కాలవ, పడమర పర్ర, ఉత్తరం కంచె. చదివి మడిచి లోపల పెట్టాడు. ఆ నాలుగు మాటలు చదవడం అతనికి బాగా అనిపించింది. నాలుగు పక్కలా తనను ఎవరో పట్టుకున్నట్టు అనిపించింది.

వసారాలో చెంచురామయ్య కొత్త దస్తావేజు ఒక్క బిగిన చదవడం మొదలుపెట్టాడు. లేఖరులు అట్లాగే చదువుతారు, ఊపిరి ఎక్కడ తీసుకుంటారో తెలియదు. ఇల్లు, దొడ్డి, వాకిళ్లు, తలుపులు, చెట్టు, పుట్ట, నిధి నిక్షేపాలు అన్నీ వచ్చాయి. తరువాత హద్దులు.

"తూర్పు పద్మనాభయ్యగారి సర్వితోట, దక్షిణం ఉప్పు కాలవ, పడమర పర్ర, ఉత్తరం..."

తిమోతి తల ఎత్తాడు. డొంక రాలేదు. ఇంటికీ తోటకూ మధ్య బండి పట్టేంత దారి ఉంటే, కాగితంలో ఇల్లూ తోటా ఆనుకుని ఉన్నాయి. లేఖరి ఆగలేదు. తిమోతి పక్కకు చూశాడు. పద్మనాభయ్య స్తంభానికి ఆనుకుని, కాగితం వైపు కాకుండా తిమోతి ముఖం వైపు చూస్తున్నాడు. ఎప్పటినుంచి చూస్తున్నాడో.

అడగవచ్చు. నోరు తెరిచి, అయ్యా డొంక రాయలేదే అంటే సరిపోతుంది. కాని స్టాంపు కాగితాలు ఆయన డబ్బు, బండ్లు ఆయనవి, సాక్షులు ఆయనవాళ్లు. ఊరికే ఖర్చు పెట్టుకున్న మనిషి కాగితాన్ని తప్పు పట్టడానికి నోరు రాలేదు. డొంక ఎక్కడికి పోతుంది, ఊరంతా నడిచే దారి, కాగితంలో ఒక మాట లేకపోతే ఇసుక మాయమవుతుందా అని తనకు తాను చెప్పుకున్నాడు. ఎల్లుండి మట్టల ఆదివారం అనీ చెప్పుకున్నాడు.

చదవడం అయిపోయింది. నవోమమ్మ చెయ్యి చాచి తిమోతి భుజం తడిమి పట్టుకుంది.

"ఆయన గబగబా చదివినాడు. నాకు సగం పట్టలేదు. అంతా సరిగా ఉండాదా తిమోతీ? నువ్వు చూసినావు గదా."

"సరిగానే ఉండాది పెద్దమ్మా," అన్నాడు తిమోతి.

ఆమె వేలిముద్ర వేసింది. లోపల రిజిస్ట్రారుగారి ముందు, నా ఇష్టప్రకారమే రాసి ఇచ్చానని ఒప్పుకుంది. పొద్దు వాలేలోపల ఇల్లు తిమోతిది అయింది.

ఎలిశబెతు గోడలు అలికి, వాకిట్లో అరుగు వేసింది. ఈసారి వాసాలకు గుర్తులు పెట్టలేదు, విప్పవలసిన పని లేదు గనక. ఈస్టరు పోయింది, ఎండలు పోయాయి, వానలు వచ్చాయి. ఇల్లు కురవలేదు. ఆ ఏడు మొత్తంలో తిమోతి నవ్వడం బామ్మరిది రెండుసార్లు చూశాడు.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున డొంకలో గుంటలు కనబడ్డాయి. పద్మనాభయ్య మనుషులు వరసగా సర్వి మొక్కలు నాటుతున్నారు, డొంక ఆ అంచు నుంచి ఈ అంచు దాకా, తిమోతి అరుగు దాకా. మూడో రోజుకు రెండు కొసలా, తిమోతి అరుగు వెంటా ముళ్లకంప పడింది. తిమోతి వాకిలి ఎదురుగా మాత్రం మనిషి పట్టేంత సందు వదిలారు. ఆ సందు తోటలోనుంచి రోడ్డుకు పోతుంది. పద్మనాభయ్య వచ్చి ఆ సందులో నిలబడి, నువ్వు నా మనిషివి గనక నీకు దారి ఇస్తున్నానన్నాడు. నిలబడి మాట్లాడినంతసేపూ ఆయన చేతికర్ర కంప మీద ఆనించి ఉంది. అది ఎంత తేలిగ్గా జరపవచ్చో తిమోతికి కనబడేటట్టు.

ఎలిశబెతు గడపలో నిలబడి వింది. వాకిలి దాటి కాలు పెడితే ఇప్పుడు పెట్టేది ఇంకొకరి నేలలో. ఆమె ఆ పూట నీళ్లకు పోలేదు.

పాలెం ఆడవాళ్లు పర్ర చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. మోకాటి బురద, రెండు మైళ్లు ఎక్కువ. సంతకు చేరేసరికి చేప మెత్తబడుతోంది. వాళ్లలో పెద్దది మాలకొండమ్మ. ఒకరోజు ఆమె గంపతోనే సందులో దూరి వచ్చి, గంపను తిమోతి అరుగుమీద దించింది.

"తినండి," అన్నది. "సంతలో ఎవురూ కొనలేదు. మీరే తినండి."

తిమోతి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"డొంక యాడుండాదని అడిగితే నీ కాగితం చూపిస్తావుండాడు తిమోతీ. నీ ఇంటికి తూర్పున ఆయన తోటేనంట. నువ్వే రాయించుకున్నావంట. మా తాత నడిచిన దారి నువ్వు ఎట్ట అమ్మినావు నాయనా? అదీ కొనుక్కుంటావుండానని చెప్పి అమ్మినావే."

గంపలో చేపలు వాసన వస్తున్నాయి.

పాలెం వాళ్లు అర్జీ పెట్టారు. రెండు నెలలకు సర్వేయరు వచ్చి కరణం ఇంట్లో మకాం పెట్టాడు. కొలవడానికి గొలుసు తెచ్చి, ఉప్పు కాలవ మూల దగ్గర ఇసుక తవ్వించాడు. ఊరంతా చుట్టూ నిలబడింది. జానెడు లోతులో ఒక నల్లరాయి తల బయటపడింది. నాలుగు పలకల రాయి. తలమీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత.

"ఇదీ సర్వే రాయి," అన్నాడు సర్వేయరు చెప్పుతో ఇసుక తుడిచి. "డొంకకు ఈ మూల ఒకటి ఉంటే ఆ మూల ఒకటి ఉండాలి. ఆ రాయి ఉండేదని రుజువు చూపించండి, డొంక తిరగ కొలుస్తాను. చూపించలేకపోతే రిజిస్టరయిన కాగితంలో ఉన్నదే హద్దు. సోమవారం రిపోర్టు రాసేస్తాను."

పాలెం వాళ్లు ఆ మూల పొద్దు కూకేదాకా తవ్వారు. ఇసుక తప్ప ఏమీ లేదు.

తిమోతి ఉప్పు కాలవ దగ్గరనుంచి కదలలేదు. ఆ గీతలు చూస్తూ ఉండిపోయాడు. సిలువ అనుకున్నాడు. దానికి మోకరించాడు. రెండో రాయిని తన చేతులతో తానే తీసుకుపోయి బావి అడుగున పడుకోబెట్టి, పైన నీళ్లు కప్పి, ఊరంతా చాటింపు వేశాడు. పద్మనాభయ్య నవ్వు ఇన్నేళ్లకు అతనికి పూర్తిగా వినబడింది.

వెనకనుంచి చేతికర్ర చప్పుడు వచ్చింది.

"రాళ్లంటే నీకు భక్తి జాస్తిరా తిమోతీ," అన్నాడు పద్మనాభయ్య. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఆ రాయినే చూస్తున్నారు. "నా బావి పూడింది. శనివారం పూడిక తీయాల. ఆ అడుగు బండ కూడా వద్దు నాకు. లోపలే పగలగొట్టి ముక్కలు తట్టలో పంపు. రాజును తేవద్దు. మోకు నా మనుషులు పడతారు."

రానని తిమోతి అనలేదు. ఆ సందులోనుంచే ఇంటికి పోయాడు.

ఆ సాయంత్రం అతను ఎలిశబెతుకు అంతా చెప్పాడు. రాయి సంగతి, వసారాలో నవోమమ్మ భుజం పట్టుకుని అడిగిన సంగతి, తాను చెప్పిన అబద్ధం. చెప్పడానికి పెద్ద సేపు పట్టలేదు. ఆమె వింటూ, పొయ్యిలో పుల్ల ముందుకు తోస్తూ ఉంది.

"రాయి పైకొస్తే ఇల్లేమవుద్ది?"

"డొంక ఉంటేనే ఇది ఇల్లు. లేకుంటే ఆయన దొడ్లో గుడిసె. నాలుగోది."

"నీకేమవుద్ది?"

తిమోతి చేతులు కడుక్కోవడానికి లేచాడు. ఆమె వెనకనుంచి ఇంకో మాట అడిగింది. "ఆ మోకు పట్టేవాళ్లను ఏమని పేరు పెట్టి పిలుస్తావు?"

తిమోతి తడి చేతులు పంచెకు తుడుచుకుని, చెయ్యవలసింది చెప్పాడు. మరునాడు ఆమె పర్ర దాటి పాలేనికి పోయి, శనివారం పొద్దు నడినెత్తికి వచ్చేవేళకు పద్మనాభయ్య తోట బావి దగ్గరికి రమ్మని మాలకొండమ్మతో చెప్పి వచ్చింది. క్రీస్తురాజు అదే వేళకు కరణం ఇంటికి పోయి సర్వేయరును పిలుచుకుని రావాలి. రాజు ముఖం మాడ్చుకున్నాడు. మోకు దగ్గర నేను లేకుండా ఎట్ట బావా అన్నాడు. నువ్వు అక్కడ లేకపోతేనే ఆయన నన్ను లోపలికి దించుతాడన్నాడు తిమోతి.

శనివారం సర్వితోటలో గాలి లేదు. ఆ చప్పుడు మాత్రం ఉంది. గిలకకు కొత్త మోకు వేసి ఉంది. దాన్ని పట్టుకుని ఇద్దరు మనుషులు, రిజిస్ట్రీ రోజు సాక్షి సంతకాలు చేసినవాళ్లు. మంచం మీద పద్మనాభయ్య. మనిషిన్నర లోతు నీళ్లుండే బావిని పొద్దుటినుంచి ఏతంతో తోడి చీలమండ దాకా దించారు. ఏతం ఆపితే మళ్లీ ఊరడానికి ఎంతసేపు పడుతుందో తిమోతికి తెలుసు. ఆ ఊట పట్టింది అతనే.

అలవాటు కొద్దీ గట్టుమీద ఆగి నోరు తెరిచాడు. పిలవడానికి పేరు లేదు. మూసుకుని దిగాడు.

లోపల చల్లగా, మసకగా ఉంది. పద్నాలుగు ఒరల మీద ఆకాశం చేటంత ఉంది. పూడిక తట్టల్లో ఎత్తి పంపాడు. ఇరవై తట్టలు పోయాక వేళ్లకు రాయి తగిలింది. తడిమాడు. నిలువు గీత, అడ్డగీత. ఐదేళ్ల నీళ్లు దాన్ని ఏమీ చెయ్యలేదు.

"దొరికిందా?" పైనుంచి పద్మనాభయ్య గొంతు, ఒరల్లో తిరిగి తిరిగి వచ్చింది.

"దొరికింది అయ్యా."

"పగలగొట్టు."

తిమోతి గునపం తీసుకుని, రాయిని కాకుండా పక్కన పడి ఉన్న విరిగిన ఒర పెంకును కొట్టాడు. బావి మోగింది. కొట్టి ఆగి, కొట్టి ఆగి, అట్లా కొడుతూ పైన చేటంత ఆకాశంలో ఎండ ఎటు ఉందో చూశాడు. ఒర అంచుమీద ఎండ నిలువుగా పడేదాకా కొట్టాడు. దూరంగా ఆడవాళ్ల మాటలు వినబడినట్టు అనిపించింది. సర్వి చప్పుడే కావచ్చు. ఇంక ఆగితే నీళ్లు ఆగవు. అప్పటికే మోకాళ్లు దాటాయి. ఏతం ఎప్పుడు ఆపారో అతను గమనించలేదు.

తట్ట విప్పి పక్కన పెట్టాడు. మోకును రాతికి రెండు చుట్లు చుట్టి, మెడ దగ్గర బిగించి, ముడి లాగి చూశాడు. తన నడుముకు కట్టుకునే ముడే అది. రెండుసార్లు లాగాడు.

పైవాళ్లు తట్టే అనుకున్నారు. ముక్కలు నిండుగా వేసినాడు, బరువుగా ఉండాదని ఒకడు అనడం వినబడింది. రాయి నీళ్లలోనుంచి లేచి, తిరుగుతూ, నీళ్లు కారుస్తూ అతని ముఖం దాటి పోయింది. తల ఎత్తి చూస్తూ ఉన్నాడు. ఆ గీతలు కాసేపు వెలుగులో కనబడ్డాయి. తరువాత రాయి ఆకాశానికి అడ్డం వచ్చి బావంతా చీకటైంది. తరువాత మళ్లీ వెలుగు వచ్చింది.

ఎవరో "డొంక రాయి" అని అరిచారు. ఒక ఆడగొంతు, మాలకొండమ్మదే అనుకున్నాడు. రాయి నేలమీద పడిన చప్పుడు అరికాళ్లలోకి వచ్చింది. చాలామంది కాళ్లు ఇసుకలో తొక్కిసలాడినట్టు ఒరల మీదనుంచి సన్నగా ఇసుక రాలింది. సర్వేయరు మాట వినబడిందా లేదా అతనికి తెలియలేదు. ఆ తరువాత పైన మాటలు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో కిందనుంచి తెలిసే మార్గం లేదు.

నీళ్లు తొడల దాకా వచ్చాయి. తియ్యని నీళ్లు. తిమోతి ఒరకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"రాజూ," అని పిలిచాడు.

పిలుపు పైకి పోయి తిరిగి వచ్చింది. ఇంకోసారి పిలిచాడు. నీళ్లు నడుము దాటాయి. ఆకాశంలో ఎవరి తలా లేదు.

చాలాసేపటికి, ఎంతసేపో అతను చెప్పలేడు, మోకు దిగింది. మెల్లగా, ఊగుతూ, కొసన ఏ తట్టా లేకుండా వచ్చి అతని రొమ్ముకు తగిలింది. తలెత్తి చూశాడు. వెలుగు కళ్లలో పడుతోంది. పట్టుకున్న చేతులు ఎవరివో కనబడలేదు.

"ఎవురది?" అన్నాడు.

జవాబు రాలేదు. మోకు ఒక్కసారి కొంచెం కదిలి నిలిచింది.

తిమోతి దాన్ని నడుముకు చుట్టుకున్నాడు. ముడి బిగించి, రెండుసార్లు లాగాడు.